సగం గ్లాసు బియ్యం

మా వైపు పలకరింపు ఒక్క మాటే: "ఏటి?" వరాహ నది ఒడ్డున ఉన్న మా ఏటికొప్పాకకి పేరులోనూ అదే మాట, నోట్లోనూ అదే మాట. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టాక ఆ ఒక్క మాటకి మొహం వాచిపోయాను.

మా ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్లు, పిల్లలు హైదరాబాదులో. పింఛను మేష్టారికి లాక్‌డౌన్ కొత్తేముంది, ఎప్పుడూ ఇంట్లోనేగా అనుకున్నాను. ఇన్నాళ్లూ నాకు తోడున్నది గోడ అవతలి లేతు మిషన్ అని అది ఆగాకగాని తెలియలేదు.

ఈ లక్కబొమ్మల ఊళ్లో పొద్దున్నే అంకుడు కర్ర మీద ఉలి పడే చప్పుడు. తిరిగే కర్రకి లక్క ఒత్తితే ఆ వేడికి కరిగి పట్టేటప్పటి వాసన. ఆఖర్న మొగలాకుతో రుద్ది మెరుపు తెస్తుంటే సర్రుమనే శబ్దం. పక్కింటాయన మిషన్ వేస్తే ఏడున్నర, ఆపితే భోజనం వేళ. కొనేవాళ్లు రాక, ఎగ్జిబిషన్లు లేక, చేసిన బొమ్మలు బుట్టల్లోనే ఉండిపోయాయి. మిషన్ ఆగింది. ఆకలి ఎప్పుడేస్తుందో కూడా తెలియకుండా పోయింది.

వంట మరీను. ఐదుగురికి వండిన గిన్నెలో సగం గ్లాసు బియ్యం పోస్తే అడుగు కూడా నిండదు. ఇక్కడ చేసే లక్కపిడతలు నాకు చాలేమో అనిపించింది. దూరదర్శన్‌లో రామాయణం మళ్లీ వేశారు గనక గంట గడిచేది. అడవిలో రాముడికి ఇద్దరు తోడున్నారు కదా అని కాస్త కుళ్లుకున్నాను కూడా.

ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకి లైట్లార్పి దీపాలు పెట్టమన్నారు. గుమ్మంలో ఒక ప్రమిద పెట్టాను. గోడ మీంచి పక్కింటాయన తొంగిచూసి, "ఏటి మేష్టారూ, ఒక్కటేనేటి?" అన్నాడు. దీపం గురించే అడిగాడు. నాకే గొంతు పట్టేసింది.

మర్నాడు గోడ మీద బొంగరం ఉంది. పసుపు, నీలం చారలు. ఆ పసుపు వంటింటి పసుపే, ఆ నీలం నీలిమందుదే. ఊళ్లోకి మొక్కల రంగులు మళ్లీ రావడం సి.వి. రాజుగారి పుణ్యం. "మిగిలిన ముక్కండి, ఊరికే కూకోలేక," అన్నాడు.

గచ్చు మీద తిప్పి అంకెలు లెక్కపెట్టాను. మొదట ఇరవైకే పడిపోయింది. వారం తిరిగేసరికి యాభై దాకా నిలబడింది. అబ్బాయి ఫోన్ చేసి "ఏం చేస్తున్నారు నాన్నా?" అంటే, "బొంగరం తిప్పుతున్నాను" అన్నాను. అవతల మాట లేదు. కాసేపటికి పక్కింటికి ఫోన్ చేసి, నాన్నగారు బాగానే ఉన్నారా అని వాకబు చేశాడట. ఆ సంగతి చెబుతూ ఆయన పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను, ఎన్నాళ్లకో. అప్పట్నుంచి సాయంత్రం గోడకి అటొకరం ఇటొకరం.

ఆగస్టు 30న ప్రధాని రేడియోలో మా ఊరి బొమ్మల మాట చెప్పినప్పుడు పక్కింటాయన పరుగున వచ్చాడు. "ఇన్నారా మేష్టారూ?"

వినలేదు. బొంగరం అరవై దాటుతోంది.

ఇప్పుడు మిషన్ మళ్లీ ఏడున్నరకే మొదలవుతోంది. ఇంట్లో నేను ఇప్పటికీ ఒక్కణ్ణే. బియ్యం మాత్రం గ్లాసు నిండా పోస్తున్నాను. మధ్యాహ్నం మిషన్ ఆపి, నా చారు బాగుంటుందని ఆయన ఇటే వస్తాడు.