పొలిమేర దాటిన అమ్మవారు

దేవతను ఏకాంతంలో ధ్యానించడం ఒక సాధన అయితే, పదిమంది ఒకచోట చేరి ఆమెను పిలిచి, తమ నడుమ నిలుపుకొని, కోరవలసినది కోరి, చివరకు మర్యాదగా సాగనంపడం మరొక సాధన. ఈ రెండవదాన్ని తెలుగు నేల జాతరలుగా, కొలుపులుగా, బతుకమ్మ ఆటగా తరతరాలుగా ఎరుగును. పాశ్చాత్య దేశాలలో కొందరు ఇదే సాధనను డెబ్బై ఏళ్లకు పైగా బుద్ధిపూర్వకంగా, కొత్తగా నిర్మించుకుంటున్నారు. క్రైస్తవానికి పూర్వం ఐరోపాలో ఉన్న బహుదేవతారాధన నుంచి ప్రేరణ పొంది, ప్రకృతినీ ఋతువులనూ దేవతలనూ కొలిచే ఈ మార్గాలన్నింటినీ కలిపి ఆధునిక పేగనిజం అంటారు. పుట్టిన ఊరు విడిచి వచ్చిన తెలుగువారు ఈ రెండింటికీ నడుమ ఉన్నారు. వారికి సంప్రదాయం వారసత్వంగానే అందింది, కాని దాన్ని జరుపుకొనే చోటును మాత్రం వారు తమ చేతులతో ఏర్పరచుకోవలసి వచ్చింది.

రాయ్‌పూర్ నగరంలో భిలాయి, దుర్గ్‌ల వైపు సాగే జీఈ రోడ్డు మీద ఉన్న టాటీబంధ్ అటువంటి చోట్లలో ఒకటి. 2012లో ఇక్కడ ఎయిమ్స్ మొదలైన తరువాత దేశం నలుమూలల నుంచి వైద్యులు, నర్సులు, విద్యార్థులు వచ్చి చేరారు. అంతకు చాలా ముందే విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం, ఆ తరువాత 1959లో తొలి ఊదు కొలిమిని వెలిగించిన భిలాయి ఉక్కు కర్మాగారం ఉత్తరాంధ్ర కుటుంబాలను ఈ ప్రాంతానికి తెచ్చాయి. ఇలా వలస వచ్చినవారి వెంట పెద్ద దేవుళ్లు సులువుగానే వస్తారు. వేంకటేశ్వరునికో అయ్యప్పకో కొత్త ఊళ్లో గుడి కట్టవచ్చు. ఆగమశాస్త్రం ప్రకారం విగ్రహాన్ని ప్రతిష్ఠించి, అర్చకుణ్ణి నియమిస్తే నిత్యపూజ సాగిపోతుంది. గ్రామదేవత సంగతి అలా కాదు. ఆమె అధికారం ఒక ఊరి పొలిమేరకు, ఒక చెరువుకు, ఒక వేపచెట్టుకు కట్టుబడి ఉంటుంది.

ఆ కట్టుబాటు మనుషుల విషయంలోనూ ఉంది. ఊరి జాతరలో ఘటం చేసే పని కుమ్మరిది, అమ్మవారి కథను పాడే పని ఆసాదిది, దేవత తరఫున పలికే హక్కు మాతంగిది. ఎవరి వంతు వారు నెరవేర్చితేనే కొలుపు పూర్తవుతుంది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో ఎత్తైన మాను కొసన కూర్చున్న పూజారిని జనం అమ్మవారిగానే చూసి చేతులెత్తి మొక్కుతారు. ఆ ఊరికి, ఆ మానుకు, ఆ పూజారి వంశానికి ఉన్న సంబంధాన్ని విప్పి మరొక నగరంలో కట్టడం సాధ్యం కాదు. అందువల్ల రాయ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబానికి ఊరి అమ్మవారు సెలవు పెట్టి రైలెక్కి చూసి రావలసిన దేవత అవుతుంది. పిల్లలు పెద్దవారై చదువులు, ఉద్యోగాలలో పడిన తరువాత ఆ ప్రయాణాలు తగ్గిపోతాయి. ప్రవాసంలో పూడ్చవలసిన లోటు ఇదే.

ఇటువంటి లోటే, మరొక రూపంలో, ఆధునిక పేగనిజానికి పునాది అయింది. బ్రిటన్‌లో మంత్రవిద్యపై 1735 నాటి చట్టం 1951లో రద్దయిన తరువాత, జెరాల్డ్ గార్డనర్ 1954లో వెలువరించిన పుస్తకం ద్వారా విక్కా అనే మార్గాన్ని లోకానికి పరిచయం చేశాడు. కొమ్ముల దేవుణ్ణీ, చంద్రునితో ముడిపడిన దేవతనూ చిన్న బృందాలలో కొలవడం ఇందులో ప్రధానం. ఆ బృందాన్ని కవెన్ అంటారు. దాని పూజావిధానానికి అందమైన భాషను సమకూర్చినది డోరీన్ వాలియంటె. అమెరికాలో స్త్రీవాద ఉద్యమం బలపడిన కాలంలో దేవతారాధన స్త్రీల ఆత్మగౌరవంతో ముడిపడింది. స్టార్‌హాక్ అనే రచయిత్రి 1979లో ప్రచురించిన ‘ద స్పైరల్ డాన్స్’ వేలాదిమందికి పాఠ్యపుస్తకమైంది, అదే పేరుతో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏటా సామూహిక నృత్యపూజ జరుగుతూ వస్తున్నది. ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీలో 1996 నుంచి దేవతా సమ్మేళనం జరుగుతున్నది. 2002లో అక్కడ దేవతకు ఒక ఆలయం కూడా వెలిసింది.

ఈ పూజల క్రమం తెలుగు పాఠకులకు కొత్తగా తోచదు. మొదట పూజ జరిగే చోటు చుట్టూ గిరి గీస్తారు. నాయకురాలు కత్తితోనో చేతితోనో గాలిలో వలయం గీస్తూ నడిచి, ఆ లోపలి నేలను నిత్యజీవితం నుంచి వేరు చేస్తుంది. తరువాత నాలుగు దిక్కులకు తిరిగి గాలి, నిప్పు, నీరు, భూమి అనే మూలకాలను పిలుస్తారు. మన తంత్రవిధానంలో దిగ్బంధనం చేసే పనికి ఇది దగ్గరిది. ఆపై దేవతను ఆవాహన చేస్తారు. చేతులు పట్టుకొని వలయంగా తిరుగుతూ, రెండు మూడు పంక్తుల పాటను మళ్లీ మళ్లీ పాడుతూ వేగం పెంచుతారు. అందరి గొంతులూ ఒక్కటై శిఖరానికి చేరిన క్షణంలో ఆ కూడిన బలాన్ని ఒక కోరిక మీదికి, రోగి స్వస్థత మీదికో అడవి రక్షణ మీదికో మళ్లిస్తారు. రొట్టె, పానీయం పంచుకొని, పిలిచిన వారందరికీ పేరుపేరునా వీడ్కోలు చెప్పి గిరిని విప్పుతారు. ఆవాహనతో మొదలై ఉద్వాసనతో ముగిసే పూజ ఇది. పిలిచిన దేవతను సాగనంపకుండా లేవకూడదన్న మర్యాద రెండు చోట్లా ఒక్కటే.

విక్కాలో ‘చంద్రుణ్ణి దించడం’ అనే తంతు ఉంది. పున్నమి రాత్రి పూజారిణి మీదికి దేవతను ఆహ్వానించగా, ఆమె కొంతసేపు దేవతగానే మాట్లాడుతుంది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయంలో బోనాల మరునాడు జరిగే రంగంలో అమ్మవారికి అంకితమైన స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ దసరాలో, కాఛిన్ గాది అనే తంతులో, మిర్గాన్ కులానికి చెందిన బాలిక మీదికి కాఛిన్ దేవి వస్తుంది. ముళ్ల ఊయల మీద ఉన్న ఆ పిల్ల అనుమతి ఇస్తేనే, ఒకప్పటి రాజైనా సరే, ఉత్సవాన్ని ముందుకు సాగించగలడు. ఈ మూడింటిలోనూ ఒక స్త్రీ దేహం దేవతకు పీఠమవుతున్నది, కాని వాటి మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. విక్కా పూజారిణి తన ఇష్టంతో, శిక్షణ పొంది ఆ స్థానంలోకి వస్తుంది. ఆమె మాట చుట్టూ నిలబడిన కొద్దిమందికే. రంగంలోనూ కాఛిన్ గాదిలోనూ పలికే మాట ఊరంతటికీ చెందుతుంది, పలికే బాధ్యత పుట్టుకతోనో అంకితంతోనో వస్తుంది, ఆ బాధ్యతలో గౌరవంతోపాటు కుల వ్యవస్థ మోపిన బరువు కూడా ఉంటుంది. సంప్రదాయాన్ని ప్రేమించేవారు ఆ బరువును మరచి మాట్లాడకూడదు.

ఊరితోనూ వంశంతోనూ ముడిపడక, నలుగురు ఆడవాళ్లు కలిసిన ఏ చోటికైనా కదిలి రాగల దేవతారాధన తెలుగువారికి ఉన్నది; అది బతుకమ్మ. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే ఈ తొమ్మిది రోజుల పండుగకు అర్చకుడు అక్కరలేదు, గుడి అక్కరలేదు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, గునుగు కాడలను సమంగా కత్తిరించి కట్టలు కట్టి, తంగేడు, బంతి, చామంతి పూలను వరుస మీద వరుసగా వలయాలుగా పేర్చుతూ, నడుమ ఏర్పడే ఖాళీని తరిగిన ఆకులతో నింపుతూ పైకి తీసుకువెళ్తారు. వలయం చిన్నదవుతున్న కొద్దీ చేతివేళ్ల ఒడుపు పెరగాలి, ఒక వరుస వదులైతే మొత్తం ఒరిగిపోతుంది. కొసన గుమ్మడి పువ్వు, పసుపుతో చేసిన గౌరమ్మ. తంగేడు దొరకని ఊళ్లో బంతిపూలు ఆ పని చేస్తాయి. గునుగు మాత్రం మధ్యభారతపు చేలగట్ల మీదా మొలిచే మొక్కే.

ఆట మొదలయ్యాక ఒకరు పాట చెబుతారు, తక్కినవారు చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, పల్లవిని అందుకొంటారు. హిందీ మాధ్యమంలో చదువుకొంటూ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే అమ్మాయికి చరణాలు తెలియకపోవచ్చు. అయినా తిరిగి తిరిగి వచ్చే పల్లవిని రెండో చుట్టులోనే పట్టుకొంటుంది, మూడో చుట్టుకు అడుగు కలుస్తుంది. పేగన్ బృందాలు చిన్న పంక్తులను పదేపదే పాడుకోవడానికి కారణం కూడా ఇదే: కొత్తగా వచ్చిన మనిషి బయట నిలిచిపోకూడదు. చివరకు పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకొని, సత్తుపిండి పంచుకొని, పుట్టింటికి వచ్చిన ఆడపడుచును పంపినట్టు బతుకమ్మను నీటిలోకి సాగనంపుతారు. ఆరో రోజును అలిగిన బతుకమ్మ అని చెప్పి పూలు పేర్చకపోవడం ఈ పండుగలోని సున్నితమైన విషయం. దేవతకు కూడా అలిగే హక్కు ఉందని, ఆ రోజు ఆమెను ఆమె మానాన వదలాలని స్త్రీలు ఏర్పరచుకొన్న మన్నన అది.

ప్రవాసంలో జరిపే పండుగ అసలైనది కాదనీ, ఊళ్లో జరిగేదానికి నకలు మాత్రమేననీ భావించేవారు ఉన్నారు. విక్కా అనుయాయులు ఇంతకంటే కఠినమైన ప్రశ్నను ఎదుర్కొన్నారు. తమది రాతియుగం నుంచి రహస్యంగా కొనసాగిన మతమని తొలితరం వారు నమ్మగా, చరిత్రకారుడు రొనాల్డ్ హటన్ 1999లో ప్రచురించిన గ్రంథంలో అది ప్రధానంగా ఇరవయ్యో శతాబ్దపు నిర్మాణమని ఆధారాలతో వివరించాడు. చాలామంది పేగన్లు ఆ నిర్ణయాన్ని అంగీకరించారు, అయినా పూజ మానలేదు. పూజకు బలం వయస్సు నుంచి రాదని, అందులో పాల్గొనేవారి శ్రద్ధ నుంచి వస్తుందని వారు గ్రహించారు.

తెలుగు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1813లో సైన్యంతో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య, కలరా వల్ల జనం చనిపోతున్న వేళ అక్కడి మహంకాళికి మొక్కుకొని, 1815లో తిరిగి వచ్చి సికింద్రాబాద్‌లో ఆమెను ప్రతిష్ఠించాడని ఆలయ చరిత్ర. నేడు లక్షలాది జనం కొలిచే ఆ తల్లి పరాయి ఊళ్లో ఉద్యోగం చేసిన ఒక మనిషి మొక్కుగా వచ్చింది. ఛత్తీస్‌గఢ్ దక్షిణాన దంతేవాడలో వెలసిన దంతేశ్వరి కథ మరింత పాతది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత బస్తర్ వైపు వచ్చిన కాకతీయ అన్నమదేవుని వెంట దేవత నడిచి వచ్చిందనీ, వెనుదిరిగి చూడవద్దన్న ఆమె షరతును మన్నిస్తూ అతడు అందెల సవ్వడి వింటూ సాగాడనీ, శంఖినీ డంకినీ నదుల సంగమంలో ఇసుకలో అందెలు మూగబోగా అతడు వెనక్కి చూశాడనీ, ఆమె అక్కడే నిలిచిపోయిందనీ బస్తర్ ప్రజలు చెప్పుకొంటారు. ఓరుగల్లు నుంచి వచ్చిన రాజవంశపు దేవత గోండు, హల్బా, ధురువా జనుల ఇలవేల్పుగా మారి, డెబ్బై ఐదు రోజుల దసరాకు కేంద్రమైంది. ఇతర జనులు తమ చేతులతో ఆమెను కొలవడం మొదలుపెట్టడం వల్లనే వలస వచ్చిన దేవత స్థానిక దేవత కాగలిగింది.

ఈ మాట టాటీబంధ్‌లోని తెలుగు కుటుంబాలకు నేరుగా వర్తిస్తుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న ఛత్తీస్‌గఢీ స్త్రీలకు తమవైన వలయాలు ఉన్నాయి. శ్రావణంలో ఆడపిల్లలు బుట్టలలో గోధుమలు చల్లి, నీడన పెరిగిన లేత పసుపు మొలకలను భోజలీ దేవిగా పూజించి, రాఖీ మరునాడు పాటలతో చెరువుకు తీసుకువెళ్తారు. కడిగిన మొలకలను ఒకరి చెవి మీద ఒకరు ఉంచుకొన్న ఇద్దరు ఆనాటి నుంచి జీవితాంతం నెచ్చెలులు, ఆ తరువాత ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, కులం వేరైనా ఒకరింటి శుభాశుభాలకు మరొకరు బంధువుగా నిలబడతారు. దీపావళికి ముందు సువా నాట్యంలో స్త్రీలు ధాన్యపు బుట్టలో మట్టి చిలుకను నిలిపి, దాని చుట్టూ వంగి, చప్పట్లే వాద్యంగా పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. వచ్చిన ధాన్యం, డబ్బు గౌరా గౌరీల పెళ్లికి వాడతారు. బతుకమ్మ ఆడిన స్త్రీకి ఈ వలయంలో అడుగు కలపడానికి ఎవరూ నేర్పనక్కరలేదు. నడుమ ఉన్నది పూల గౌరమ్మ అయినా, మట్టి చిలుక అయినా, చప్పట్ల లయ ఒక్కటే.

శ్రావణంలో భోజలీ, మహాలయ అమావాస్య నుంచి బతుకమ్మ, దీపావళి ముంగిట సువా వరుసగా వస్తాయి. పేగన్లు అయనాలనూ విషువత్తులనూ వాటి నడిమి రోజులనూ కలిపి ఎనిమిది పండుగల ఏటి చక్రాన్ని కూర్చుకొన్నారు. రాయ్‌పూర్ తెలుగువారికి అటువంటి చక్రం వానల నుంచి కోతల దాకా చుట్టూ సిద్ధంగానే ఉన్నది. కావలసినది పొరుగువారి వలయంలోకి వెళ్లే వినయం, తమ వలయంలోకి పొరుగువారిని పిలిచే ఉదారత. అరువు తెచ్చుకొనేటప్పుడు అడగాలి, నేర్చుకోవాలి, ఎవరిదో చెప్పాలి. వివిధ జాతుల దేవతలను అనుమతి లేకుండా తమ పూజలలో చేర్చుకొంటున్నారన్న విమర్శను పాశ్చాత్య పేగన్లు ఎదుర్కొన్నారు, ఆ పాఠం అందరికీ పనికివస్తుంది. సాగనంపే నీటి విషయంలోనూ శ్రద్ధ అవసరం: రాయ్‌పూర్ చెరువుల నగరం, పూలూ ఆకులూ పసుపూ కాకుండా ప్లాస్టిక్ పూలు, థర్మకోల్ పళ్లెం ఆ నీటిలో వదిలితే అది అమ్మవారికి చేసే మర్యాద కాదు.

ఊరి అమ్మవారి పొలిమేరను ఎవరూ రైలులో వెంట తీసుకురాలేరు. పొలిమేరను కాపాడేది రాయో చెట్టో మాత్రమే కాదు. ఏటా ఒకే కాలంలో, ఒకే పాటతో, ఒకరికొకరు కట్టుబడి చేరే మనుషులు కూడా. టాటీబంధ్ స్త్రీలు భోజలీ నెచ్చెలిని బతుకమ్మకు పిలిచి, సువాలో ఆమెతో అడుగు కలిపిననాడు, అమ్మవారికి ఈ ఊళ్లో కూడా ఒక పొలిమేర ఏర్పడుతుంది. అది ఏర్పడేదాకా ఏటేటా చేరుతూ ఉండటమే ఇక్కడి తెలుగువారు ఆమెకు చెల్లించవలసిన మొక్కు.