అమ్మ నాడి నేర్పిన పాఠము

మా అమ్మ విషయమై మేము చేసిన ఒక తప్పును, అందులోనే దేవుడు చూపిన కృపను మీతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాము.

అమ్మకు చిన్ననాట కీళ్ళ నొప్పులతో జ్వరము వచ్చిందట. ఆ జ్వరమే గుండెలోని మైట్రల్ అనే వాల్వును పాడుచేసిందని ఏబది ఏండ్లు దాటాక గాని మాకు తెలియలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసము, గుండెదడ. డాక్టరుగారు నాడి పట్టుకొని, "లెక్క తప్పి కొట్టుకొంటున్నది" అన్నారు. గుండె పై గదులు సరిగా ముడుచుకొనక వణుకుతున్నాయనీ, ఎడమ పై గదికున్న చిన్న సంచిలో రక్తము నిలిచి గడ్డకట్టవచ్చుననీ, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతమనీ చెప్పి, ఆపరేషన్ చేయించుమన్నారు.

మేము భయపడ్డాము. భయమని ఒప్పుకొనక, "ప్రార్థన చేస్తున్నాము గదా" అని సంవత్సరము గడిపాము. ఒక ఆదివారము ఆరాధనకు బయలుదేరుచుండగా అమ్మ చేతిలోని బైబిలు జారిపడింది. మాట ముద్దగా వచ్చింది. గంటలో చెయ్యి తిరిగి స్వాధీనమైంది గాని, మా మనస్సాక్షి మమ్మును విడువలేదు. మా భయమునకు విశ్వాసమని పేరు పెట్టుకొన్నాము. పౌలుకు తోడుగా ఉన్న లూకా వైద్యుడే గదా!

మళ్ళీ వెళ్ళితే సర్జనుగారు కోపపడక, కాగితము మీద బొమ్మ గీసి చెప్పారు. వాల్వు మార్చేటప్పుడే "మేజ్" అనే ఆపరేషన్ కూడ చేయవచ్చునట. 1987లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్ జేమ్స్ కాక్స్ దీనిని మొదట చేశారు. అప్పుడు పై గదులను గీతలుగా కోసి కుట్టేవారు. ఇప్పుడు ఎక్కువగా వేడితోనో, అతి చలితోనో ఆ గీతలు వేస్తారు. మానిన ఆ గీతలను దాటి కరెంటు పోలేదు. పొలములో గట్లు వేసి నీటిని ఒక కాలువకు మళ్ళించినట్లు, దారి తప్పిన కరెంటు సరియైన దారిన పోతుంది. ఆ చిన్న సంచిని కూడ మూసివేస్తారు. అలా మూసినవారిలో పక్షవాతము తగ్గిందని 2021లో వెలువడిన పెద్ద పరిశోధన చూపింది. వాల్వు జబ్బు లేనివారికి ఛాతీ తెరువకుండ, తొడ నరము గుండా సన్నని గొట్టము పంపి చేసే చికిత్స కూడ ఉన్నది. ఎవరికి ఏది తగునో డాక్టర్లే చెప్పాలి.

కొందరికి తరువాత పేస్‌మేకరు అవసరము కావచ్చునని కూడ ఆయన దాచలేదు. మేము తటపటాయిస్తుంటే అమ్మే, "తెరిచినప్పుడే అన్నీ బాగుచేయండి బాబూ" అన్నది.

ఆపరేషన్ జరిగింది. మొదటి వారములలో నాడి మరల తప్పితే దిగులుపడ్డాము. మూడు నెలల వరకు అట్లుండవచ్చునన్నారు. నాలుగవ నెల ఇ.సి.జి.లో గుండె సమముగా కొట్టుకొన్నది. అయినను అది లోహపు వాల్వు గనుక, రక్తము గడ్డకట్టకుండ మాత్ర జీవితాంతము వాడాలి, రక్తపరీక్ష తప్పరాదు.

ప్రియులారా, పిల్లలకు గొంతునొప్పి, జ్వరము, కీళ్ళ వాపు వస్తే అశ్రద్ధ చేయకండి. పెద్దవారి నాడి లెక్క తప్పితే మావలె సంవత్సరము ఆగకండి. ప్రార్థించుచునే బస్సెక్కండి.