బొర్రా గుహలూ, రెండు కెమేరాలూ

బొర్రా గుహలకు వెళ్ళాలన్న మాట మా ఇంట్లో సుమారు అరవై ఏళ్ళనాటిది. 1960లలో కొత్తవలస నుంచి కిరందుల్‌కు రైలుమార్గం వేస్తున్నప్పుడు మా నాన్నగారు అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే గుమాస్తాగా ఉండేవారు. బైలడిల్లా కొండల్లోని ఇనుపరాయిని విశాఖ రేవుకు దింపి, అక్కణ్ణించి ఓడలమీద జపానుకు పంపడానికి వేసిన మార్గం అది. సెలవు దొరికి కాకినాడ వచ్చినప్పుడల్లా కొత్త కోడలైన మా అమ్మకు ఆయన ఆ కొండల కబుర్లు చెప్పేవారట.

"కొండ కడుపులో పెద్ద గుహ ఉందే. అందులో రాతి శివలింగం. దాని నెత్తిమీద రాత్రీ పగలూ నీటిబొట్టు పడుతూనే ఉంటుంది. ధారాపాత్రా లేదు, పోసే పూజారీ లేడు. నిన్నొకసారి తీసుకువెళ్ళి చూపిస్తాను" అనేవారట.

మార్గం పూర్తయింది. నాన్నగారు మరో ఉద్యోగంలో పడ్డారు. మేము పుట్టాం. మా చదువులు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, ఇంటి అప్పు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. చూపిస్తానన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అమ్మకు డెబ్బై ఎనిమిది. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంటి గడప దాటడమే ఒక యాత్ర ఆవిడకి.

మొన్న కార్తికమాసంలో ఎలాగైనా వెళ్ళి తీరాలనుకున్నాం. "నేను పైన చెట్టుకింద కూచుంటాను. మీరు దిగి చూసిరండి. ఆ బొట్టు పడుతోందో లేదో వచ్చి చెప్పండి, చాలు" అంది అమ్మ.

"చెప్పడం ఎందుకు మామ్మా, తీసుకొచ్చి చూపిస్తాం" అన్నాడు మా అబ్బాయి.

అదిగో, కెమేరా గొడవ అక్కడ మొదలైంది.

"ఫోనులో తీస్తే సరిపోదుటండీ?" అంది మా ఆవిడ. సరిపోదన్నాడు అబ్బాయి. గుహలో మెట్లు తడిసి జారుతుంటాయి, చేతులు కటకటాలు పట్టుకోవడానికి కావాలి, పైనించి నీళ్ళు కారుతుంటాయి. నుదుటికో గుండెకో కట్టుకుని, చేతులు ఖాళీగా ఉంచుకుని తీసే యాక్షన్ కెమేరా కావాలన్నాడు.

అగ్గిపెట్టెకన్న కాస్త పెద్దదిగా ఉండే ఈ వస్తువుకు ఒక చిన్న కథ ఉంది. నిక్ వుడ్‌మన్ అనే అమెరికా కుర్రవాడు 2002లో ఆస్ట్రేలియా, ఇండొనీషియా తీరాలకు అలలమీద పలకతో స్వారీ చేయడానికి వెళ్ళాడు. అల మీద ఉండగా తన ఫొటో తానే తీసుకోవాలని అతని సరదా. కెమేరాను మణికట్టుకు కట్టే పట్టీ దగ్గర మొదలైన ఆ ఆలోచనలోంచి 2004లో గోప్రో కంపెనీ మొదటి కెమేరా బజారుకు వచ్చింది. అది మన పాతకాలపు 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమేరాయే. తర్వాత ఫిల్ము పోయి వీడియో వచ్చింది. ఇంకా ఎన్నో కంపెనీలు అదే దారి పట్టాయి.

దుకాణానికి వెళ్ళాక తెలిసింది, ప్రతి కంపెనీకీ ఒక పెద్దబిడ్డా, ఒక చిన్నబిడ్డా ఉంటారని. ఉదాహరణకు గోప్రో వారే 2024లో రెంటినీ ఒకేసారి ప్రకటించారు. అప్పుడు చిన్నదాని ధర అమెరికాలో 199 డాలర్లు, పెద్దదానిది 399. చిన్నది 86 గ్రాములు, పెద్దది 159. చిన్నది 5 మీటర్ల లోతు నీళ్ళలో పనిచేస్తే, పెద్దది 10 మీటర్ల లోతుకు తట్టుకుంటుంది. చిన్నది 4కె వీడియో తీస్తుంది, పెద్దది 5.3కె. చిన్నదానిలో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, పెద్దదానిలో తీసి మార్చుకోవచ్చు. నడుస్తూ తీసిన బొమ్మ కుదుపులను పెద్దది తనలోనే సర్దుతుంది. చిన్నదైతే ఆ పని తర్వాత ఫోనులో చేసుకోవాలి.

మాకు కావలసిన ధరలో దొరికినవి వేరే కంపెనీలవి. పేర్లు చెప్పి ఒకరిని పొగడడం, ఒకరిని తెగడడం నా ఉద్దేశం కాదు. అబ్బాయి చూపు పెద్దదానిమీద, నా చూపు చీటీమీద. రెంటికీ మధ్య ఉన్న తేడా డబ్బుతో మా ఐదుగురికీ రైలూ, బసా, జీపూ వచ్చేస్తాయి. "మనకేమన్నా సినిమా తియ్యాలా?" అని చిన్నదే కొన్నాను. ఇంటికి వచ్చాక కార్డొకటి వేరే కొనాలని తెలిసింది. అది వేరే సంగతి.

బయల్దేరేముందురోజు హైదరాబాదు నుంచి మా బావమరిది దిగాడు. "అత్తయ్యగారు వస్తుంటే నేను రాకపోవడమేమిటి బావా!" అంటూ సంచీలోంచి తీశాడుగదా, అబ్బాయి దుకాణంలో వదలలేక వదిలివచ్చిన పెద్దదే! అబ్బాయి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

విశాఖలో తెల్లవారుజామునే కిరందుల్ రైలెక్కాం. 2017లో ఈ మార్గానికి అద్దాల పెట్టె వచ్చింది. మాకందులో చోటు దొరకలేదు. మామూలు పెట్టెలోనే అమ్మకు కిటికీ పక్క సీటు సంపాదించాం. శృంగవరపుకోట దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. కిందిలోయలో చెట్లు ఆకుకూర మడుల్లా కనిపిస్తాయి. వంతెన మీదనుంచి సొరంగంలోకి, సొరంగంలోంచి మళ్ళీ వంతెన మీదికి. మార్గం మొత్తంమీద యాభై ఎనిమిది సొరంగాలున్నాయంటారు.

మొదటి సొరంగం రాగానే అమ్మ నిటారుగా కూచుంది. "ఇవన్నీ మీ తాతయ్య లెక్క రాసినవేరా! తియ్యి, ఒక్కటీ వదలకు" అంది మనవడితో. వాడు కెమేరాను కిటికీ ఊచకు బిగించి వదిలేశాడు. సొరంగంలో తీసిందల్లా చీకటే. ఆ చీకటిని గంటలకొద్దీ పట్టుకున్నాం. పిల్లల కేకలు, చక్రాల హోరు, చివర తెల్లగా విచ్చుకునే వెలుతురు. బావమరిది మాత్రం తన కెమేరా ఒడిలో పెట్టుకుని నిద్రపోయాడు.

బొర్రాగుహలు స్టేషనులో దిగాం. అమ్మకోసం ఆటో మాట్లాడాం. కోతుల గుంపు మాకంటె ముందే జాంపళ్ళ బుట్ట దగ్గర హాజరు. అమ్మను చెట్టునీడన కూర్చోబెట్టి, మా ఆవిడ తోడుండగా మేము టిక్కెట్లు తీసుకుని దిగాం.

గుహ ముఖద్వారం ముందు మనిషి చీమ. లోపల పైకప్పునుంచి వేలాడే రాళ్ళు, నేలనుంచి పెరిగే రాళ్ళు. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాతిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఆ నీరు చుక్కచుక్కగా కారేచోట సున్నం పేరుకుంటుంది. వేల ఏళ్ళ మీద అదే స్తంభమవుతుంది, లింగమవుతుంది. అడుగున గోస్తనీ నది. మేము వచ్చిన రైలు పట్టాలు ఈ గుహ నెత్తిమీదుగానే పోతాయని తెలిసి, నాన్నగారు ఎన్నిసార్లు ఈ రాతిమీద నడిచారోననిపించింది.

అక్కడక్కడ పచ్చ, ఎర్ర, నీలం దీపాలు. మిగతాదంతా చీకటి. నిటారుగా ఉన్న మెట్లెక్కి లింగం దగ్గరికి చేరాం. నిలబడ్డాం. కాస్సేపు ఏమీ లేదు. అంతలో టప్‌మని ఒక్క బొట్టు. నాకు ఒళ్ళు జలదరించింది.

"తీశావా?" అన్నాను. అబ్బాయి కెమేరా తెరవైపు చూసి మాట్లాడలేదు. లింగం ఉన్నచోట బూడిదరంగు మసక. దానినిండా చీమలు పాకుతున్నట్టు చుక్కలు. బొట్టు జాడే లేదు.

బావమరిది వివరించాడు. కెమేరాలో కన్నులాంటి బిళ్ళ ఒకటి ఉంటుంది, సెన్సారంటారు. వానలో గిన్నె పెట్టినట్టే. గిన్నె వెడల్పయినకొద్దీ ఎక్కువ నీళ్ళు పడతాయి, బిళ్ళ పెద్దదయినకొద్దీ ఎక్కువ వెలుతురు పడుతుంది. ఎండలో రెండు గిన్నెలూ నిండుతాయి గనక తేడా తెలియదు. చీకట్లో చిన్నగిన్నె అడుగైనా తడవదు. అప్పుడు యంత్రం ఉన్న కాస్త వెలుతురునూ బలవంతంగా పెంచుతుంది, దానితోపాటు ఈ చీమలూ పెరుగుతాయి.

అయితే అతని పెద్ద కెమేరాకూ మొదట పరాభవమే జరిగింది. నుదుటికి కట్టుకుని తీసినదాంట్లో లింగం అలుక్కుపోయింది. చీకట్లో ఒక్కొక్క బొమ్మను ఎక్కువసేపు పట్టాలి. ఆ కాస్సేపట్లో తల కదిలితే మసక బొమ్మలోనే కూర్చుంటుంది. కుదుపు సర్దే విద్య అక్కడ పారదు. అప్పుడతను కెమేరాను కటకటాలమీద ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాడు. ఈసారి లింగం వచ్చింది, తడి మెరుపు వచ్చింది, బొట్టూ వచ్చింది.

కిటుకు తెలిసింది గదా, మేమూ అలాగే చేద్దామని దీపానికి దగ్గరగా చిన్నదాన్ని ఆనించాం. చిత్రం కొంచెం తేరుకుంది. బొట్టు పడేలోపే కెమేరా కళ్ళు మూసుకుంది. బ్యాటరీ అయిపోయింది! సొరంగాల చీకట్లన్నీ తాగేసింది గదా! మార్చడానికి రెండో బ్యాటరీ పెట్టే వీలు లేదు. చార్జింగు పెట్టే పవర్ బ్యాంకు పైన అమ్మ దగ్గర సంచీలో ఉంది.

ఆ రాత్రి అరకులో బసచేశాం. చలికి దుప్పట్లు కప్పుకుని, బావమరిది లాప్‌టాపు చుట్టూ కూచున్నాం. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగింది. ఒక బొట్టు. రెండో బొట్టు. మూడోది పడేదాకా రెప్ప వెయ్యలేదు.

"మీ నాన్న గోరంత ఉంటే కొండంత చెప్పేవారు. ఇదీ అలాంటిదేననుకున్నాను ఇన్నేళ్ళూ" అంది. కాస్సేపాగి, "నిజమే చెప్పారన్నమాట" అంది.

ఎవరమూ మాట్లాడలేదు. నాలో నేను లెక్క వేసుకున్నాను. ఆ ఒక్క బొట్టుకోసం కొన్న కెమేరా ఆ బొట్టునే పట్టలేకపోయింది. బావమరిది రాకపోతే నా పొదుపు ఏమయ్యేది?

తర్వాత అమ్మే, "ఏదీ, ఆ సొరంగాలు పెట్టు" అంది. అవి మా చిన్నదానివి. చీకటి, హోరు, వెలుతురు. కిటికీ పక్కన వెలిగి ఆరే అమ్మ ముఖం. అవి రెండుసార్లు చూసింది.

మర్నాడు చార్జింగు పెట్టుకుని వలిసెపూల చేలలోనూ, కటికి జలపాతం తుంపరలోనూ రెండు కెమేరాలతోనూ తీశాం. ఆ పచ్చటి పూలు ఏ కెమేరావో ఫోనులో చూసి పోల్చమంటే మా బావమరిదే తప్పు చెప్పాడు. జలపాతం దారిలో జీపు ఎగిరిపడినప్పుడు మాత్రం పెద్దది నిలకడగా ఉంది, మాది చూస్తే కళ్ళు తిరిగాయి.

కనుక, కొనబోయేవారికి నా అనుభవం ఇది. ముందు కెమేరాను కాదు, తియ్యబోయే చోటును చూడండి. పగటి ఎండా, పిల్లల ఆటా, సముద్రస్నానమూ అయితే చవకది చాలు. మిగిలిన డబ్బుతో ఇంకో ఊరు చూడవచ్చు. గుహా, రాత్రీ, గతుకుల దారీ అయితే ఖరీదైనది తన ఖరీదు నిలబెట్టుకుంటుంది. బ్యాటరీ మార్చే వీలుందో లేదో అడగండి. లేకపోతే పవర్ బ్యాంకును మీ జేబులో పెట్టుకోండి, చెట్టుకింద కాదు. ఏది కొన్నా చీకట్లో కదలకండి. ఏడాదికొకసారి వాడేదానికి పెద్దది కొనేకన్న ఎరువడగడమే మేలు.

తిరుగురైల్లో అబ్బాయి అడిగాడు, "మళ్ళీ కొంటే ఏది కొంటావు నాన్నా?" అని.

"చిన్నదే" అన్నాను. "గుహకు వెళ్ళేటప్పుడు మాత్రం మీ మావయ్యకు ముందే ఉత్తరం రాస్తాను."