రెండే సీట్ల కారు: నా ఇష్టం, నా అనుమానాలు

మన గోడపత్రికలో చెట్ల గురించి, పండుగల గురించి, చదువు గొప్పతనం గురించి చాలామంది రాశారు. నేను ఒక కారు గురించి రాస్తున్నాను. దాని పేరు మజ్దా ఎమ్మెక్స్-5. అమెరికాలో మియాటా అంటారు. మజ్దా అనే పేరు మన పెద్దవాళ్లకు తెలుసు, వెనకటికి స్వరాజ్ మజ్దా వ్యాన్లు తిరిగేవి కదా! ఈ కారును మాత్రం నేను బొమ్మలోనే చూశాను. దీని మీద నాకు ఎంత ఇష్టముందో అన్ని అనుమానాలూ ఉన్నాయి.

ముందు దీని కథ చెబుతాను. పైకప్పు తీసేసి గాలికి నడుపుకునే చిన్న రెండు సీట్ల కార్లు ఒకప్పుడు ఇంగ్లండులో చాలా తయారయ్యేవి. చూడ్డానికి భలే ఉండేవి గానీ ఆయిలు కారేవి, వానొస్తే లోపల తడిసేవి, మాటిమాటికీ మొరాయించేవి. వాటిలో బాగా పేరున్న ఎంజీబీ తయారీ 1980లో ఆగిపోయింది. అంతకుముందే, 1970ల్లో, బాబ్ హాల్ అనే అమెరికా విలేఖరి మజ్దా కంపెనీలో పెద్ద ఇంజనీరైన కెనిచి యమమోటోతో “అలాంటి కారు మీరు చెయ్యండి” అని చెప్పాడు. ఆ మాట ఊరికే పోలేదు. తర్వాత హాల్ కూడా మజ్దాలోనే చేరాడు. తొషిహికో హిరాయ్ అనే ఇంజనీరు చేతుల మీదుగా కారు తయారై 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనకు వచ్చింది.

నాకు ఎందుకు ఇష్టమంటే, మన ఫిజిక్సు పాఠం దాంట్లో కనిపిస్తుంది. బలం = ద్రవ్యరాశి × త్వరణం. ద్రవ్యరాశి తగ్గితే తక్కువ బలంతోనే బండి చురుగ్గా కదులుతుంది. ఆ కారు ఇంజను 1.6 లీటర్లది, శక్తి 116 హార్స్‌పవర్. అదేమంత గొప్ప కాదు. కానీ బరువు రమారమి 950 కిలోలే! బానెట్టు అల్యూమినియంతో చేశారు. పైకప్పు గుడ్డది, చేత్తో వెనక్కి మడిచెయ్యొచ్చు. బరువు ముందు చక్రాల మీద సగం, వెనక చక్రాల మీద సగం పడేలా చూశారు. మనవాళ్లు కావడి మోసేటప్పుడు రెండు వైపులా సమంగా సర్దుకుంటారు చూడండి, అదే లెక్క. గుర్రమూ రౌతూ ఒకటైనట్టు కారూ నడిపేవాడూ ఒకటి కావాలని వాళ్లు అనుకున్నారట. దాన్ని జపాను భాషలో “జింబా ఇత్తాయ్” అంటారు.

ఇక అనుమానాలు.

మొదటిది ధర. అమెరికాలో 13,800 డాలర్లు పెట్టారు. అప్పట్లో డాలరు సుమారు 16 రూపాయలు. అంటే 2 లక్షల 20 వేలు. అక్కడ అది చవక. చవక అనే మాట వింటే ఎవరికి చవక అని అడగాలనిపిస్తుంది. పైగా గిరాకీ చూసి కొందరు డీలర్లు అసలు ధర మీద ఇంకా వేలు గుంజారు.

రెండోది సీట్లు. సంత రోజున మా ఊరి జీపులో పదిహేను మంది ఎక్కుతారు. కోళ్లు, చింతపండు బస్తాలు వేరే. ఎవరికైనా జ్వరమొస్తే ఆ జీపే ఆసుపత్రి బండి. ఇద్దరే ఎక్కే కారు మనకేం పనికొస్తుంది?

మూడోది మన్నిక. దీనికి ముందు అమెరికాలో పాంటియాక్ ఫియెరో అనే రెండు సీట్ల కారు 1984 మోడలుగా వచ్చింది. ఖర్చు తగ్గించడానికి వేరే కార్ల కోసం చేసిన భాగాలు దానికి బిగించారు. కొన్నింటిలో ఇంజను దగ్గర మంటలు లేచాయి, పేరు పోయింది. 1988లో సస్పెన్షన్ కొత్తగా చేసి కారును బాగుపరిచారు. కానీ అదే ఏడాది తయారీ ఆపేశారు! ఆ మరుసటి ఏడాదే మియాటా వచ్చింది. ఇది మాత్రం ఎన్నాళ్లుంటుందిలే అని ఎవరైనా అనుకుంటారు.

ఈ మూడో అనుమానానికి కాలమే జవాబు చెప్పింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. పైకప్పు తీసేసి నడిపే చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇన్ని అమ్ముడైనది ఇంకోటి లేదు. తక్కువ ఖర్చు వేరు, తక్కువ శ్రద్ధ వేరు అని నాకు దీనివల్ల తెలిసింది.

రెండో అనుమానానికి సగం జవాబు దొరికింది. ఫుట్‌బాల్ ఆడితే కడుపు నిండదు, అయినా సాయంత్రం బెల్లు కోసం ఎదురు చూస్తాం. సంతోషం కోసం చేసిన వస్తువును తప్పు పట్టలేను. మిగతా సగం నేనే వెతుక్కోవాలి. టెన్త్ అయ్యాక పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదవాలని ఉంది. అనవసరమైన బరువు తీసెయ్యడం, ఉన్న బరువును సమంగా పంచడం అనే ఆ లెక్కతోనే, మన ఘాట్ మలుపుల్లో పేషెంటును కుదుపు లేకుండా దించే చిన్న బండి ఎవరైనా చెయ్యకూడదా?

మొదటి అనుమానం మాత్రం అలాగే ఉంది. ఆ సంతోషం కొనుక్కోగలిగేది ఎవరు? మీకు తోచింది ఈ కాగితం కింద పెన్సిలుతో రాయండి. వార్డెన్ సార్ కూడా రాయొచ్చు.

— 10వ తరగతి