తాతయ్య గదిలోకి రానివ్వండి

ఇంట్లో తాతయ్య పక్షవాతంతో మంచం పట్టగానే పెద్దవాళ్లు ముందుగా పిల్లల్ని ఆ గదిలోంచి పంపేస్తారు. 'నీకెందుకు, పోయి ఆడుకో' అంటారు. ప్రేమతోనే అంటారు గానీ, పిల్లల్లో అప్పటికే ఉన్న సాయం చేసే గుణాన్ని ఆ మాట తొక్కేస్తుంది. వార్నెకెన్, టొమాసెలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనలో, ముక్కూ మొహం తెలియని మనిషి చేజారిన వస్తువు అందక అవస్థ పడుతుంటే 18 నెలల పసివాళ్లు తామే తీసి ఇచ్చారు. సాయానికి బహుమతి ఇస్తూ పోతే ఆ తర్వాత సాయం తగ్గుతుందని 2008లో వాళ్లే చూపించారు. 'తాతకు నీళ్లిస్తే చాక్లెట్ ఇస్తా' అనే బేరం పెట్టకపోవడమే మేలు.

జబ్బు చూసి జడుసుకుంటారేమోనంటారు. 'తాతకు మెదడులో రక్తం గడ్డ కట్టింది, అందుకే చెయ్యి లేవడం లేదు, నీకు అంటుకోదు' అని చెబితే అయిదేళ్ల పిల్లకీ అర్థమవుతుంది. బాల్యం బరువెక్కుతుందన్న భయం మాత్రం ఉత్తది కాదు. ఇంగ్లండ్‌లో 2021 జనాభా లెక్కల్లో, ఇంట్లో సేవ చేస్తున్న 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సుమారు 1,20,000 మంది తేలారు. తల్లికి తానే దిక్కయిన బిడ్డకు కావలసింది ఊరట, ఆ ఇంటికి బయటి సాయం. పెద్దవాళ్లు చూసుకుంటుండగా పిల్లలు ఓ చెయ్యి వేయడం వేరు. పిల్ల మరిచిపోయినా రోగికి ముప్పు రాని పనే పిల్లకి అప్పగించాలి: కళ్లజోడు వెతికివ్వడం, చేతికర్ర అందించడం, పేపరు చదివి వినిపించడం, తడబడే తాత మాటను ఓపిగ్గా వినడం (ఇందులో మనకన్నా వాళ్లే నయం). మాత్రలు, ఇన్సులిన్, లేపి కూర్చోబెట్టడం, రాత్రి కాపలా పెద్దవాళ్లవే.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం, ఈ వంకతో భారమంతా ఆడపిల్ల మీద పడుతుందన్నది. మన దేశంలో 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. ఈ అలవాటు పెళ్లితో మొదలవదు. 'నానమ్మకు నీళ్లివ్వమ్మా' అని అక్కను పిలిచి, తమ్ముణ్ణి క్రికెట్‌కి వదిలేసిన రోజే మొదలవుతుంది. దానికి విరుగుడుగా ఇద్దర్నీ గది బయట ఉంచితే తమ్ముడికి ఎప్పటికీ ఆ పని రాదు. ముందు వాణ్ణే పిలవండి.