పలకల సీమలో పేకముక్కల పంచాయితీ

గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే రైలు ఎప్పుడైనా ఎక్కారా? ఎక్కకపోతే ఓసారి ఎక్కి మార్కాపురం రోడ్డులో దిగండి. ఊళ్ళో చెన్నకేశవస్వామి గుడి, చుట్టుపక్కల పలకల గనులు. మనలో ఎంతమంది అ ఆలు దిద్దిన పలక ఈ నేల పొరల్లోంచి లేచిందో!

అవన్నీ చూసుకుని మర్నాడు గిద్దలూరుకు బయల్దేరాను. తర్లుపాడు దాటేసరికి ఎదుటి సీట్లో తువాలు పరిచి పదమూడు ముక్కలాట మొదలెట్టారు. ఓడినవాడు కంభంలో టీ ఇప్పించాలి, అంతే పందెం! కిటికీ పక్క కుర్రాడు మాత్రం చెయ్యి కలపలేదు. "వద్దన్నా, ఫోన్లో ఆడి మూడు నెలల జీతం పోగొట్టుకున్నా" అన్నాడు. కాసేపాగి, "అయినా రమ్మీ తెలివితేటల ఆటని కోర్టే చెప్పిందంట గదా?" అనడిగాడు.

చెప్పిన మాట నిజమే. సికిందరాబాదు క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం. రమ్మీలో పడిన ముక్క గుర్తుండాలి, ఏది దాచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కనుక ప్రధానంగా నైపుణ్యమేనంది. అయితే ఆటమీద క్లబ్బువాడు లాభం గుంజుకుంటే సంగతి వేరని కూడా అంది. ఆ రెండో మాట ఎవరికీ గుర్తుండదు!

పలక మీద రాత తుడిచి మళ్ళీ రాసినట్టు, 2020లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం మార్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా జూదంలో చేర్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే నైపుణ్యమా అదృష్టమా అనే తగువే వదిలేసింది. డబ్బు పందెం ఉంటే చాలు, ఆ ఆన్‌లైన్ ఆట నిషిద్ధమే. శిక్ష ఆడినవాడికి కాదు, ఆడించేవాళ్ళకీ, ప్రకటనలిచ్చేవాళ్ళకీ.

ఇంతలో కంభం వచ్చింది. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగరం రోజుల్లో కట్టిన ఆ చెరువు చూడకుండా పోకండి. గిద్దలూరు దాటితే ఇక నల్లమల, చెంచు గూడేలు. ఈ గూడేలకు లేని చిత్రమైన హక్కు ఒకటి అమెరికా గిరిజన తెగలకు ఉంది. తమ నేల మీద కాసినోలు నడుపుకోవచ్చు!

అక్కడ 1988 చట్టం ఆటల్ని మూడు తరగతులు చేసింది. మొదటిది సంప్రదాయపు ఆటలు. రెండోది బింగో, అంటే మన తంబోలాకు దగ్గరి చుట్టం. మూడోది అసలు సిసలు కాసినో ఆటలు. వాటికి రాష్ట్రంతో ఒప్పందం కావాలి. వీడియో పోకర్ మూడో తరగతి యంత్రమైతే ఏ ముక్క ఉంచుకున్నామన్నది లెక్కలోకొస్తుంది. రెండో తరగతిదైతే గెలుపోటములు బింగో అంకెలే తేలుస్తాయి. తెరమీది ఆసులూ రాణులూ ఉత్త బొమ్మలు! చూపుకు రెండూ ఒక్కలాగే ఉంటాయి.

సినిమాలో హీరో ముక్క తిప్పితే ఆసు పడుతుంది. పడేట్టు రాసినవాడు ఒకడున్నాడని మనకి తెలుసు, ఈల వేసి ఇంటికొస్తాం. ఫోనుతెర మీద కూడా అలా రాసినవాడొకడు ఉంటాడు. అభిమాన తార ప్రకటనలో నవ్వుతూ పిలిచినా సరే, నైపుణ్యమని పేరు పెట్టినా సరే, ముక్కలు పంచే చెయ్యి కనబడని చోట జేబులో చెయ్యి పెట్టకండి!