వెలుగోడులో ఒక వైద్యుని చేతులు

వాపులకును, కీళ్ళ నొప్పులకును ఆహారముచేతను ఓషధులచేతను ఉపశమనము పొందు మార్గములేవో వ్రాసి పంపుడని సంపాదకులు కోరినప్పుడు వారి మనస్సులో ఉన్నది ఒక పట్టిక యని నాకు తెలియును. పసుపు ఇంత, శొంఠి ఇంత, ఉదయమున ఇది, రాత్రి అది అని చెప్పు పట్టికలు ఇప్పటికే కావలసినన్ని అచ్చైనవి. వానిని చదివి బాగుపడినవారి కంటె, చదివి అంగడికి పరుగెత్తినవారే నాకు ఎక్కువగా తారసిల్లిరి. కావున పట్టిక మాట ప్రక్కన పెట్టి, నంద్యాల నుండి ఆత్మకూరు పోవు త్రోవలో, నల్లమల పాదమున, తెలుగుగంగ జలాశయము ప్రక్కనున్న వెలుగోడులో దిగి, డెబ్బది యేండ్లు పైబడిన ఒక వైద్యుని యింటి అరుగుమీద కూర్చుంటిని. తన పేరు వ్రాయవలదని ఆయన మొదటనే మాట తీసికొనెను.

నేను పోవునప్పటికే ఒక నడివయస్సు స్త్రీ కాళ్ళ వాపునకు గలిజేరాకు కషాయము కావలెనని వచ్చి యున్నది. ఆయన ఆమె మాట ముగియనిచ్చి, ఏమియు అనక, ముందుకు వంగి, మోకాలికి దిగువ ఎముకమీద తన బొటనవ్రేలు ఆనించి, లోలోపల ఏవో అంకెలు లెక్కించుకొనునంత సేపు అదిమి పట్టి, వ్రేలు తీసెను. తీసిన చోట గుంట పడి, పూడక, అట్లే నిలిచెను. "అమ్మా, ఇది ఆకుతో పొయ్యే వాపు గాదు. ఒంట్లో నీళ్ళు నిలబడినాయి. రేపే నంద్యాల పెద్దాసుపత్రికి పోయి మూత్ర పరీక్ష చేపిచ్చుకో. గలిజేరు సంగతి ఆమీద చూద్దాం" అనెను. కషాయమునకై తెచ్చిన డబ్బు ఆమె చేతిలోనే ఉండిపోయెను.

ఆ బొటనవ్రేలే నా దృష్టిలో ఆ యింటి పరమౌషధము. వాపు అనునది పెక్కు చోట్ల శరీరము తన్ను తాను రక్షించుకొను యత్నము, అన్ని చోట్ల కాదు. దెబ్బ తగిలిన చీలమండ వాపు వేఱు, మూత్రపిండముల దోషమున వచ్చు వాపు వేఱు, తెల్లవాఱి లేవగానే వ్రేళ్ళు ముడుచుకొననీయని ఆమవాతపు వాపు వేఱు. రోమకుడగు సెల్సస్ రెండువేల యేండ్ల క్రిందటనే ఎఱుపు, వేడి, ఉబ్బు, నొప్పి అని నాలుగు లక్షణములు చెప్పెను. మన సుశ్రుతుడు శోథము, అనగా వాపు, అపక్వమా, పక్వమగుచున్నదా, పక్వమైనదా అని నిర్ణయించుటకే తన సంహితలోని సూత్రస్థానమున ఒక అధ్యాయము కేటాయించెను. ఓషధి పేరు చెప్పుట కంటె ముందు వాపు పేరు చెప్పవలెననుట ఇరువురికిని సమ్మతమే. నేటి మూలికా ప్రచారమున ఈ మొదటి మెట్టే లేకపోవుట చూచి నాకు కలుగు బాధ ఇంతింత కాదు.

పెరటిలో వావిలి తైలము కాగుచుండెను. నువ్వుల నూనె నాలుగు వంతులు, వావిలాకు నూఱిన ముద్ద ఒక వంతు, ఆకు దంచి పిండిన రసము పదునాఱు వంతులు. ఇది శాస్త్రము చెప్పిన కొలత, ఆయన తాత గారు వాడిన కొలతయు నిదే. నీటి పాలు అంతయు ఇగురువఱకు సన్నని మంటమీద గరిటె ఆపక త్రిప్పవలెను. మంట పెరిగినచో అడుగున ముద్ద మాడి నూనె చెడును, తగ్గినచో నీరు లోపల మిగిలి పది దినములకే కంపు పుట్టును. ఆయన మాటిమాటికి గరిటె కొనకు అంటిన ముద్ద తీసి, బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని నడుమ నులిమి చూచుచుండెను. మొదట అది వ్రేళ్ళకు జిగురుగా అంటుకొనెను; చాల సేపటికి అంటక జాఱి, తుదకు వత్తివలె సాగి నిలిచెను. ఆ వత్తిని నిప్పుమీద వైచి చెవి యొగ్గి వినెను. చిటపట శబ్దమేమియు లేదు, నీరు పోయినదన్నమాట. అదే సమయమున నూనెమీద నురుగు పొంగెను. తైలపాకము మూడు విధములు: ముక్కున వేయు నస్యమునకు మృదుపాకము, లోపలికి పుచ్చుకొనుటకు మధ్యమ పాకము, మర్దనమునకు ఖరపాకము. ఈ మూడింటి నడుమ వ్యవధి స్వల్పము. దానిని గుర్తించునది గడియారము కాదు, ఆ రెండు వ్రేళ్ళు. ఇన్నేండ్ల వేడికి వాని కొనలు నున్నబడి, వేలిముద్ర యంత్రము తమ మామను గుర్తింపకున్నదని కోడలు చెప్పెను.

ఆయన కొడుకు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. గరిటె పట్టుటకు ఎవరు వత్తురని నేనడుగలేదు, అడుగకయే తెలియుచున్నది.

అరుగుమీద కనిపెట్టుకొని యున్న ఇరువురు స్త్రీల సంభాషణ నా చెవిని బడెను. "మాత్ర తింటే కడుపు మంట, తినకుంటే మోకాలు మంట" అని ఒకతె. రెండవది, సంతలో ఎవడో అమ్మిన ఆకుమందు పొట్లము తిని ఒక్క రాత్రిలో లేచి నడిచితిననియు, నెల తిరుగునప్పటికి మొగము పూరీ మాదిరి ఉబ్బినదనియు చెప్పెను. వైద్యుడు గరిటె కోడలి చేతికిచ్చి వచ్చి, "ఆకు ఏదైనా ఒక్క రాత్రిలో పని చేసిందంటే అది ఆకు గాదు తల్లీ, దాంట్లో ఇంగ్లీషు మందు కలిపినారు" అని కోపముతో పలికెను. స్టెరాయిడు కలిపిన పొళ్ళు మూలికల పేర చెల్లుబాటగుట దేశమున అనేక చోట్ల బయటపడిన విషయమే. ఎముకలు గుల్లయగును, చక్కెర పెరుగును. హఠాత్తుగా మానినచో ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. అది ఎఱిగినవాడగుటచేతనే ఆయన, "ఒక్కసారి ఆపద్దు, పొట్లం తీస్కపోయి డాక్టరుకు చూపించు" అని రెండు మాఱులు చెప్పెను.

మఱియొక యువతి మూలికలకై రాలేదు, పథ్యమునకై వచ్చినది. రెండు చేతుల కణుపులును వాచిన ఆమెను మునుపు ఈయనయే పట్టణమునకు పంపెనట. అచట వారమునకొక దినము మెథోట్రెక్సేట్, తక్కిన దినములలో ఫోలిక్ ఆమ్లము వ్రాసి యిచ్చిరి. ఆ చీటి చూచినప్పుడు నా మనస్సు ఎటో పోయినది. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రము బోధించి, అమెరికా చేరి, 1948లో అచటనే కీర్తిశేషుడైన యల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధకుల కృషి ఫలములే ఆ రెండు మాత్రలును. క్యాన్సరు కొఱకు పుట్టిన మెథోట్రెక్సేట్, కీళ్ళవాతమునకు స్వల్ప మోతాదులో వాడుటకు అమెరికా ప్రభుత్వ సమ్మతి పొందినది 1988లో. ఆ రోగమునకు నేటికిని మొదటి వరుస మందు అదియే. ఆయుర్వేద కళాశాల నుండి బయలుదేఱిన ఒక తెలుగువాని చేతి మీదుగా వచ్చిన మందును "ఇంగ్లీషు మందు, విషము" అని త్రోసిపుచ్చి కీళ్ళు వంకరలు పోవువఱకు పసరులతో కాలము గడపుమని బోధించువారిని నేను క్షమింపలేను. వెలుగోడు వైద్యుడు ఆ మందు మాన్పింపలేదు. అది నడచుచుండగా కాలేయమునకు బరువగు మూలికల జోలికి పోవలదని మాత్రము హెచ్చరించెను.

ఆయన వ్రాసిన పథ్యము ఇది: నెల దినములు కొఱ్ఱన్నము, పెసరకట్టు, మునగాకు, మిరియాల చారు, రాత్రి పెరుగు బందు, అన్నిటికంటె ముఖ్యముగా ఉగ్గానితో మిరపకాయ బజ్జీ బందు. మాటిమాటికి మఱగిన నూనె వేపుళ్ళు వాపునకు ఆజ్యము పోయునని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. బరువైన దేహమునకు ఒక కిలో తగ్గినచో అడుగడుగునకు మోకాలిమీద సుమారు 4 కిలోల భారము తగ్గును. కొఱ్ఱ ఎక్కడిదో కాదు. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రము సూర్యనంది వంటి రకములు మనకిచ్చినది. అయినను ఆ యువతి తన యింట కొఱ్ఱలు వండి యేండ్లైనదనెను.

పసుపు విషయమున మన ప్రవర్తన మఱింత వింతగా ఉన్నది. గాయములు మాన్పు గుణముపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) వారు పోరాడి 1997లో రద్దు చేయించిరి. నేడు మనమే ఆ పసుపు సారమును గొట్టపు మాత్రలలో వేలకు వేలు పోసి కొనుచున్నాము. పసుపులో కుర్కుమిన్ నూటికి మూడు పాళ్ళకు అటునిటు. అదియు రక్తములోనికి చేరుట అరుదు. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమినుకు 20 మిల్లీగ్రాముల మిరియపు సారము జోడింపగా ఆ చేరిక ఇరువది రెట్ల మేర హెచ్చినది. చారులో పసుపు, మిరియము, తిరగమోత నూనె కూడుట మన యిండ్లలో ఎన్నటిదో. ఆ కూడికనే పెక్కు రెట్లు చిక్కజేసి నెలల తరబడి మ్రింగినవారిలో కొందఱికి కాలేయము చెడినట్లు వైద్య పత్రికలలో నివేదికలు వచ్చినవి. వంటింటి మోతాదును వీడి సీసా మోతాదును నమ్ముటకు మనలను ప్రేరేపించినది తొందర తప్ప మఱేమి?

ఒకప్పుడు ఆ ఊరి వాగు పొడవునను నీలి పూలతో నిండియుండిన వావిలి పొదలు గట్లు చదును చేయు యంత్రముల పాలైనవి. ఇప్పుడు ఒక్క బస్తా ఆకునకు ఆ వైద్యుడు చెంచువారిని బతిమాలి అడవి అంచునుండి తెప్పించుకొనవలసి వచ్చుచున్నది. నల్లమలలోని అందుగు చెట్టు జిగురు మంచి శోథహరమే గాని, గాటు మీద గాటు పెట్టి చెట్టునే చంపెదరని ఆయన దానిని వాడుటయే మానెను.

చివర వచ్చినవాడు ఆళ్ళగడ్డ నుండి వచ్చిన శిల్పి. సుత్తి పట్టు కుడి మణికట్టు వాచి యున్నది. వైద్యుడు వేడి తెలిసికొనుటకు అరచేయి కాక వెనుక చేయి ఆనించి, బొటనవ్రేలు అటునిటు వంచి, నరము పొడవున నొక్కి చూచి, తైలము, వావిలాకు కాపడము చెప్పి, "పది దినాలు సుత్తి ముట్టద్దు" అనెను.

"తిరనాళ్ళకు ఇగ్రహం ఇస్తానని గుడోళ్ళకు మాటిచ్చినా సామీ. పది దినాలు కూచుంటే కూలి ఎవరిస్తారు?"

ఈ ప్రశ్నకు ఏ నిఘంటువులోను మూలిక లేదు. విశ్రాంతియే మొదటి మందని అన్ని శాస్త్రములును ఘోషించును. విశ్రమించిన దినమున పొయ్యిలో నిప్పుండు ఏర్పాటు ఏ శాస్త్రమును చేయలేదు. సంతలోని పొట్లమును, అంగడిలోని సీసాయు అమ్ముచున్నది ఆ లేని పది దినములనే. చేతిపనివారికి జబ్బు దినముల కూలి దొరకునంతవఱకు వారిని పథ్యము తప్పిరని నిందించు అధికారము మనకు లేదు.

చాల సేపు మాటలాడుకొని, మొరటు చెక్కుడు తమ్మునికి అప్పగించునట్లును, మొగము చెక్కు పని మాత్రము పదునొకండవ నాటికి నిలిపి యుంచునట్లును ఒప్పుకొనిరి. గుడివారికి చూపుటకు ఒక చీటి వ్రాసి యిమ్మని శిల్పి అడుగగా, "నా కాయితం వాళ్ళు నమ్మరు నాయనా. నంద్యాలలో ఎముకల డాక్టరుతో రాపిచ్చుకో, ఆయప్ప కూడా ఇదే చెప్తాడు" అని, తైలపు సీసాకు మూత బిగించి అతని ఎడమ చేతికిచ్చెను.